అలలపై కావలి

1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసిన సంగతి, ఆ తీరమున పుట్టి పెరిగినవారి ఇండ్లలో తాతలు మనుమలకు చెప్పిన కథగా నేటికిని నిలిచియున్నది. ఆ బాంబులు పడిన మేర చిన్నది. అవి పుట్టించిన భయము వ్యాపించిన మేర మాత్రము కొలతకు అందనిది. అదే దినమున కాకినాడయు దాడికి గురియయ్యెను. జనులు మూటాముల్లె కట్టుకొని, దొరికిన బండి నెక్కి, బండి దొరకనివారు కాలినడకనే, తీరమునకు దూరముగా నున్న చుట్టపక్కాల యూళ్ళకు తరలిపోయిరి. విశాఖ మ్యూజియములో భద్రపఱచిన ఆనాటి బాంబు తొడుగును చూచినవారికి, మహాయుద్ధ మనునది ఎక్కడనో యూరపు ఖండమున జరిగిన వ్యవహారము కాదనియు, అది మన వాకిటిదాక వచ్చి తలుపు తట్టిపోయినదనియు తెలియును. అయితే ఆ తలుపు చప్పుడునకు రెండు దినములు ముందు, సింహళమునకు దక్షిణముగా నున్న మహాసముద్రముపై, కెనడా దేశపు విమానదళమునకు చెందిన ఒక నీటివిమానము ఆ దండయాత్రలోని ప్రధాన నౌకాబలమును కనిపెట్టి, తన ఉనికిని పణముగా నొడ్డి వార్త పంపెనన్న విషయము మనలో అనేకులకు తెలియదు. ఆ వార్త కథయే ఈ వ్యాసమునకు విషయము.

అట్లాంటికునకు ఆవల, మంచునేలల దేశమైన కెనడా మన సముద్రమునకు ఎట్లు వచ్చినదో ముందుగా చెప్పవలెను. 1914లో బ్రిటను యుద్ధము ప్రకటింపగనే కెనడాయు యుద్ధములో నున్నట్లే లెక్క. ఆ దేశమును అడిగినవారును లేరు, అడుగవలసిన విధియు లేదు. ఆ యుద్ధమున ఆరు లక్షలకు పైబడిన కెనడియనులు సైన్యమున చేరిరి. అరువది వేలకు పైగా తిరిగి యిల్లు చేరలేదు. 1917 ఏప్రిలు 9 మొదలు 12 వరకు ఫ్రాన్సులోని విమీ గుట్టకై జరిగిన పోరున నాలుగు దినములలో 3,598 మంది కెనడా సైనికులు నేలకొరగిరి. ఇంత రక్తము ధారవోసిన పిదప, తమ మంచిచెడ్డలను తామే నిర్ణయించుకొను హక్కు తమకు కావలెనని ఆ జాతి పట్టుబట్టుటలో ఆశ్చర్యము లేదు. 1931లో వెస్ట్‌మినిస్టరు శాసనము ఆ హక్కును ఖాయపఱచెను. అందుచేతనే 1939 సెప్టెంబరు 3న బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించినను, ప్రధానమంత్రి మెకెంజీ కింగ్ తమ పార్లమెంటును సమావేశపఱచి, చర్చ జరిపించి, ఆ సభ సమ్మతించిన పిమ్మట సెప్టెంబరు 10న మాత్రమే కెనడాను యుద్ధములోనికి దింపెను.

ఆ ఏడు దినముల యెడము లెక్కకు చిన్నది, అర్థమునకు పెద్దది. అదే సెప్టెంబరు 3న మన దేశమును రాజప్రతినిధి లిన్‌లిత్‌గో ఒక ప్రకటనతో యుద్ధములోనికి లాగెను; జాతి నాయకులలో ఒక్కరినైనను సంప్రతింపలేదు. దానికి నిరసనగా మద్రాసులోని రాజాజీ మంత్రివర్గముతో సహా కాంగ్రెసు మంత్రివర్గములన్నియు పదవులు వదలుకొనెను. ఒకే సామ్రాజ్యములోని రెండు దేశములలో ఒకటి తన పెద్దల సభలో కూర్చుండి ఆలోచించుకొని కదలినది. రెండవదానిని మెడబట్టి కదలించిరి. అడిగి అందుకొన్న చేయూతకును, అడుగక లాగికొన్న చేతికిని గల భేదము ఇదియే.

యుద్ధమున కెనడా వహించిన కార్యములలో మొట్టమొదటను, బహుశః అత్యంత ఫలప్రదముగను చెప్పదగినది వైమానిక శిక్షణము. శత్రువిమానములకు అందని విశాలమైన ఆకాశము, చదునైన నేల ఆ దేశమునకు ఉండెను. కామన్వెల్తు దేశముల వైమానికు లందరికి అచ్చట శిక్షణ మిచ్చు ఒడంబడిక 1939 డిసెంబరు 17న ఆటవాలో కుదిరెను. యుద్ధము ముగియులోపల 1,31,553 మంది చోదకులును, దిక్సూచకులును, వైర్‌లెస్సు పనివారును, ఫిరంగికాండ్రును ఆ పాఠశాలలనుండి బయటికి వచ్చిరి. ఆ ఒడంబడికలోని ఒక నియమము ననుసరించి, బ్రిటిషు విమానదళముతో కలిసి పనిచేయు కెనడా స్క్వాడ్రనులకు 400 మొదలుకొని సంఖ్యలు కేటాయించిరి. అట్టివానిలో 413వ స్క్వాడ్రను 1941 జూలై 1న స్కాట్లండులోని స్ట్రాన్‌రార్ రేవున ఏర్పడి, తరువాత షెట్లండు ద్వీపములకు పోయి, పొగమంచు విడువని ఉత్తరసముద్రముపై కావలి కాయుచుండెను. 1942 మార్చిలో దానికి తూర్పునకు పొమ్మని ఆజ్ఞ వచ్చెను.

ఆ ఆజ్ఞకు కారణము ఆ నాలుగు నెలలలో తూర్పున జరిగిన వినాశమే. దాని తొలి దెబ్బ కెనడాకే తగిలియుండెను. హాంకాంగు రక్షణకై విన్నిపెగ్ గ్రెనడియర్లు, రాయల్ రైఫిల్సు అను రెండు పటాలములకు చెందిన 1,975 మంది కెనడియనులు 1941 నవంబరు నడుమ ఆ ద్వీపమున దిగిరి. మూడు వారములు దాటెనో లేదో, డిసెంబరు 8న జపాను సేన వారిపై విరుచుకుపడెను. మన రాజపుత్ర, పంజాబు పటాలములతో భుజము కలిపి వారు పదునెనిమిది దినములు పోరాడిరి. డిసెంబరు 19న బట్లర్ కొండపై సార్జెంటు మేజరు జాన్ ఓస్‌బర్న్, తన మనుష్యుల నడుమ పడిన గ్రెనేడుపై తానే పడి, వారిని కాపాడి మరణించెను. క్రిస్మసు దినమున హాంకాంగు లొంగిపోయెను. ఆ పోరున 290 మంది కెనడియనులు చనిపోగా, బందిఖానాలలోని ఆకలికిని, రోగములకును దాదాపు అంతమందియే బలియైరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరును, మార్చి 8న రంగూనును, మార్చి 23న అండమానులును వరుసగా జపాను వశమయ్యెను. ఇక మిగిలినది సింహళము. దాని వెనుక మన తూర్పుతీరము.

సింహళపు దక్షిణ తీరమున, గాలె పట్టణమునకు చేరువనున్న కోగ్గల కొలను ఆ స్క్వాడ్రను నీటివిమానములకు మజిలీ యయ్యెను. కాటలీనా యనబడు ఈ విమానము చూపునకు సుకుమారమైనది కాదు, వేగమున నేర్పరియు కాదు. పడవవంటి ఒడలు, ఆ ఒడలి నెత్తిపై గొడుగువలె పఱచిన ఒకే పొడవైన ఱెక్క, ఆ ఱెక్కకు రెండు యంత్రములు, వెనుక ఇరుప్రక్కల బుడగలవలె ఉబ్బిన గాజు కిటికీలు దానికి ఉండును. ఆ గాజుబుడగలలో కూర్చుండిన ఇద్దరు కావలివాండ్రు చెరియొక ప్రక్క సముద్రమును చూచుచుందురు. లోపల నడుము వాల్చుటకు పడకలును, టీ కాచుకొనుటకు చిన్న పొయ్యియు కలవు. ఏలయనగా ఒకసారి నీటినుండి లేచినయెడల అది ఇరువది గంటలైనను గాలిలో నుండగలదు. పోరుటకు కాదు, చూచుటకై పుట్టిన విమాన మది.

1942 ఏప్రిలు 2న స్క్వాడ్రను లీడరు లియొనార్డ్ బర్చల్ తన కాటలీనాను కోగ్గలలో దింపెను. ఆంటారియో రాష్ట్రములోని సెయింట్ కాథరీన్సు ఆతని జన్మస్థలము, వయసు ఇరువదియారు. నడుమ ఒక్క దినము మాత్రము విశ్రమించి, 4వ తేదీ తెల్లవాఱుజామున, ఆ సముద్రమును అంతకుముందెన్నడు శోధింపని ఆ తొమ్మిదిమంది కావలికి లేచిరి. వారిలో బర్చల్, దిక్సూచకుడైన ఒన్యెట్ కెనడావారు, తక్కినవారు బ్రిటిషువారు. పగలంతయు నీలిమ తప్ప మఱేమియు కానరాలేదు. ప్రొద్దు వాలుచుండెను. ఇక తిరుగుముఖము పట్టవలసిన సమయమున, చంద్రుడు ఉదయించినంతనే తాము ఉన్న చోటును సరిగా గుర్తింపవచ్చునని, ఆ వెన్నెలకై మఱికొంతసేపు అచ్చటనే తిరుగుటకు వారు నిశ్చయించుకొనిరని బర్చల్ తరువాతి కాలమున చెప్పెను. సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున, సింహళమునకు దాదాపు 350 మైళ్ళ దక్షిణముగా, దిగంతమున చుక్కలవంటివి కొన్ని కనబడెను.

అవి ఏమియో తెలియుటకు దగ్గఱకు పోవలెను. దగ్గఱకు పోయినచో తిరిగివచ్చుట కల్ల. బర్చల్ దగ్గఱకే పోయెను. చుక్కలు ఓడలైనవి, ఓడలు యుద్ధనౌకలైనవి, వాని నడుమ చదునైన పైకప్పులతో విమానవాహక నౌకలు బయల్పడినవి. అవి ఉపసేనాపతి నగుమో నాయకత్వమున, నాలుగు నెలల క్రిందట పెర్ల్‌హార్బరును ధ్వంసము చేసి వచ్చిన నౌకలు: అకాగి, సోర్యు, హిర్యు, షోకకు, జుయికకు. కాటలీనాలోని వైర్‌లెస్సు పనివాడు శత్రునౌకల సంఖ్యను, స్థానమును, గమనదిశను, వేగమును సంకేతలిపిలో కూర్చి మీట నొక్కనారంభించెను. ఒక వార్తను మూడుమారులు పంపవలెనన్నది నియమము. జీరో యుద్ధవిమానములు ఆకాశమునకు లేచి చుట్టుముట్టెను. మూడవమాఱు వార్త సాగుచుండగనే గుండ్లు తగిలి వైర్‌లెస్సు యంత్రము తునాతునకలయ్యెను. పెట్రోలు తొట్టెలు చీలి లోపల మంటలు లేచెను. దాగుకొనుటకు మేఘము లేదు, తప్పించుకొనుటకు వేగము లేదు. బర్చల్ విమానమును నీటిపై దింపగలిగెను. అది మునుగుచుండగా బయటపడి ఈదుచున్నవారిపైన కూడ శత్రువిమానములు కాల్పులు సాగించెను. తొమ్మిదిమందిలో ముగ్గురు చనిపోయిరి. ఆర్గురిని ఇసోకజె అను జపాను డెస్ట్రాయరు నీటినుండి ఎత్తి బందీలను చేసెను.

ఓడపై వారిని కొట్టుచు అడిగిన ప్రశ్న ఒక్కటే: వార్త పంపితిరా? పంపలేదని వారు ఏకకంఠముతో చెప్పిరి. పంపితిమని తెలిసినచో దాడి తీరు మార్చుకొందురని వారికి తెలియును గదా! వార్తను మఱల పంపుమని కొలంబో అడిగిన పిలుపు జపానువారి చెవిని పడువరకు ఆ బొంకు నిలిచెననియు, తరువాత దెబ్బలు రెట్టింపైనవనియు బర్చల్ చెప్పియున్నాడు.

వార్త చేరినది, సింహళపు సర్వాధికారి యగు లేటన్ అప్రమత్తుడయ్యెను, కదలగల ఓడలను ఆ రాత్రియే రేవు దాటించిరి. మఱునాడు, ఏప్రిలు 5, ఈస్టరు ఆదివారము. ఉదయము ఏడున్నర ప్రాంతమున, పెర్ల్‌హార్బరుపైకి విమానములను నడిపిన ఫుచిదయే కొలంబోపైకిని నూఱింటికి మించిన విమానములను తీసికొనివచ్చెను. అదియు ఆదివారమే, ఇదియు ఆదివారమే. కాని అచ్చట కిక్కిఱిసిన రేవు నిద్రించుచుండెను, ఇచ్చట చాలవఱకు ఖాళీయైన రేవు ఫిరంగులు సిద్ధము చేసికొని మేలుకొనియుండెను.

ఇచ్చట చరిత్రకారుడు సత్యమును తూచి చెప్పవలెను. ఆ వార్త సింహళమును అన్ని నష్టములనుండియు కాపాడెనని చెప్పుట అతిశయోక్తి. దాడి రానున్నదని బ్రిటిషు నౌకాదళమునకు ముందే ఇతర మార్గముల తెలిసియుండెను. ఏప్రిలు తొలిదినములలో వేచి వేచి, శత్రువు రాకపోవుటచే, సేనాపతి సోమర్‌విల్ నౌకలతో మాల్దీవులలోని అడ్డు దీవులకు మరలియుండెను. వార్త అందిన తరువాతను రత్మలానలోని యుద్ధవిమానములు శత్రువు నెత్తిమీదికి వచ్చువరకు లేవలేదు. బ్రిటిషువారు అనేక విమానములను పోగొట్టుకొనిరి. ఆ హెచ్చరికను బట్టియే కొలంబో విడిచిన కార్న్‌వాల్, డోర్సెట్‌షైర్ అను రెండు క్రూయిజర్లు ఆ మధ్యాహ్నమే సముద్రమున చిక్కి, 424 మంది నావికులతో మునిగిపోయెను. ఇన్ని చెప్పిన పిమ్మటను మిగులు సత్య మొకటి కలదు: జపాను ప్రధాన నౌకాబలము ఎచ్చట నున్నదో ఆ సాయంకాలము వరకు ఎవరికిని తెలియదు, ఆ కాటలీనా చెప్పిన తరువాత తెలిసినది. గ్రుడ్డిచీకటిలో వెలిగిన ఒక్క అగ్గిపుల్ల ఇల్లంతటిని కాపాడకపోవచ్చును. కాని దొంగ ముఖమును చూపినది అదియే.

తరువాతి అయిదు దినములు బంగాళాఖాతమునకు ఘోరదినములు. నగుమో దక్షిణమున తిరుగుచుండగా, ఒజావా అను మఱియొక సేనాపతి ర్యుజో అను విమానవాహక నౌకతోను, క్రూయిజర్లతోను మన తీరమునకు ఎదురుగా వర్తకపు ఓడలను వేటాడెను. ఇరువదికి పైగా ఓడలు మునిగెను. విశాఖ, కాకినాడలపై బాంబులు పడినది ఈ వేటలో భాగముగానే. అంతకు ముందటి సంవత్సరమే, 1941 జూన్ 21న, విశాఖలో సింధియా నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసియుండిరి. ఆ శిశువు కన్ను తెఱవకముందే యుద్ధమేఘము దానిపై క్రమ్మెను. మద్రాసు నగరము సగము ఖాళీయయ్యెను. ప్రభుత్వ కార్యాలయములు లోపలి పట్టణములకు తరలిపోయెను. ఏప్రిలు 9న ట్రింకోమలీపై దాడి జరిగెను. ఆ ఉదయమున ఆ నౌకలను మఱల కనిపెట్టినదియు 413వ స్క్వాడ్రను కాటలీనాయే. దానిని నడిపిన ఫ్లయిట్ లెఫ్టినెంటు థామస్‌ గాని, ఆతని సహచరులు గాని తిరిగి రాలేదు. హెర్మిస్ అను బ్రిటిషు విమానవాహక నౌక ఆనాడే మట్టకళప్పు చేరువను మునిగెను. పిమ్మట నగుమో వెనుదిరిగెను. అట్టి నౌకాబలముతో జపాను మఱల ఈ సముద్రమునకు రాలేదు. సింహళముపైకి వచ్చిన అయిదు వాహకనౌకలలో మూడు రెండు నెలలకే మిడ్‌వే పోరున సముద్రగర్భమున కలిసిపోయెను.

బర్చల్ యుద్ధము మాత్రము ముగియలేదు. యొకొహామా ప్రాంతపు బందిఖానాలలో ఆతడు మూడేండ్లకు పైగా గడపెను. బందీలలో పెద్ద అధికారియగుటచే, రోగులను పనికి ఈడ్చినప్పుడెల్ల ఆతడు అడ్డుపడెను. అడ్డుపడినప్పుడెల్ల దెబ్బలు తినెను. ఒకప్పుడు, జబ్బుపడినవారిని పనినుండి విడువనిదే తక్కినవారును పని చేయబోరని పట్టుపట్టి, బందీలచే సమ్మె చేయించెను. చచ్చినవారి, జబ్బుపడినవారి, హింసింపబడినవారి వివరములను రహస్యముగా వ్రాసి దాచెను. ఆ పుస్తకములు యుద్ధానంతర విచారణలలో సాక్ష్యములైనవి. 1945 ఆగస్టులో విడుదలయైన పిదప, చూచిన ధైర్యమునకు ఒక పతకమును, బందీల పక్షమున నిలిచిన ధైర్యమునకు మఱియొక గౌరవమును ఆతనికి లభించెను. పత్రికలు ఆతనిని సింహళరక్షకుడనిరి. నా దృష్టిలో ఆతని రెండవ ధైర్యమే గొప్పది. మొదటిది కొన్ని నిమిషములది. రెండవది మూడేండ్లకు పైబడినది.

ఆ వసంతమున కెనడాలో ఏమి జరుగుచుండెనో చెప్పక ఈ కథ ముగించుట న్యాయము కాదు. బర్చల్ జపాను నౌకలకై సముద్రమును వెదకుచుండిన ఆ వారములలోనే, బ్రిటిష్ కొలంబియా తీరమున నివసించు ఇరువది వేలకు మించిన జపాను సంతతివారిని, వారిలో అత్యధికులు ఆ దేశపు పౌరులే యైనను, ఇండ్లనుండి వెడలగొట్టి లోపలి శిబిరములకు పంపుచుండిరి. వారి పడవలను, ఇండ్లను, పొలములను అమ్మివేసిరి. ఆ అన్యాయమునకు కెనడా ప్రభుత్వము క్షమాపణ చెప్పినది 1988లో. ఆ వసంతముననే, ఏప్రిలు 27న, నిర్బంధ సైనికసేవ గూర్చి జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దేశము మొత్తముమీద అధికసంఖ్యాకులు సమ్మతించినను, ఫ్రెంచివారు అధికముగా నున్న క్విబెక్ రాష్ట్రము గట్టిగా కాదనెను. స్వేచ్ఛకై పోరాడు జాతియు తన యింట స్వేచ్ఛను మఱచుట కలదు. ఏకమై నిలిచినట్లు కనబడు జాతియు లోలోపల రెండుగా నుండుట కలదు. వీరగాథను చెప్పువారు ఈ పుటలను చించివేయరాదు.

413వ స్క్వాడ్రను 1945 తొలినెలల వఱకు ఈ సముద్రమును కాచి, ఓడలు మునిగిన నావికులను వెదకి కాపాడుచు, తన పని ముగించెను. 1944లో మన దేశముననే ఏర్పడిన 435, 436 అను మఱి రెండు కెనడా స్క్వాడ్రనులు డకోటా విమానములలో బియ్యమును, తూటాలను, మందులను నింపుకొని, మణిపురపు కొండలమీదుగా బర్మాలోని పదునాలుగవ సైన్యమునకు చేరవేసెను. ఆ సైన్యమున అత్యధికులు భారతీయులే. కోటి పదిలక్షల జనాభా గల ఆ దేశమునుండి ఆ యుద్ధమున పదిలక్షలకు పైబడి సేవలో చేరిరి. వారిలో దాదాపు 45,000 మంది మరణించిరి. విమానదళమువారే వారిలో పదునేడు వేలు.

యుద్ధచరిత్రలలో కొట్టినవానికిని, గెలిచినవానికిని పెద్దపీట దొరకును. చూచి చెప్పినవానికి ఒక మూల చాప పఱతురు. ఊరికి కావలివాడు ఎట్టివాడో పల్లెవాసులకు తెలియును. ఆతడు దొంగను పట్టకపోయినను, ఆతని కేక ఊరిని లేపినచో చాలును, ఆ రాత్రికి ఆతడే ఊరిపెద్ద. ఆ తొమ్మిదిమంది వేసిన కేక అట్టిది. వారికి ఈ సముద్రముతో చుట్టఱికము లేదు. ఈ తీరపు పల్లెలను వారు చూచి యెఱుగరు. ఐనను వారి కేక వినబడిన సముద్రము మనది. ఆ ఋణము చెల్లింపదగినది కాదు, గుర్తుంచుకొనదగినది. సింగపూరులోని క్రాంజీ స్మారకము, సమాధియైనను లేక ఆగ్నేయాసియా ఆకాశములలో అదృశ్యులైన కామన్వెల్తు వైమానికుల పేర్లను మోయుచు నిలిచియున్నది. బర్చల్ 2004లో, ఎనుబదితొమ్మిదవ యేట, కెనడాలోని కింగ్‌స్టన్ పట్టణమున కన్నుమూసెను. 413వ స్క్వాడ్రను చిహ్నముపై, సింహళపు దినములకు గుర్తుగా, నేటికిని ఏనుగు తల ఉన్నది. దాని క్రింద లాటిను భాషలో వ్రాసిన మాటలకు అర్థము: మేము అలలను కాచుచున్నాము.